పగడం తుంచని సముద్రపు తోట

మా ఇంటి ముందుగదిలో ఉత్తరపు గోడ వారగా ఒక గాజు తొట్టి ఉంది. పొడవు రెండడుగులు. అందులో ఉప్పునీరు, బూడిదరంగు రాళ్లు, ఆ రాళ్ల సందుల్లో నారింజరంగు ఒంటిపై తెల్లని పట్టీలున్న రెండు చేపలు. పండుగకు వచ్చిన బంధువులు మొదట చేపలను మెచ్చుకుంటారు. కాసేపటికి, "సముద్రపు తొట్టి అన్నారు, మరి పగడాలేవి?" అని అడుగుతారు. పగడాలు లేవు. అవి ఎందుకు లేవో, అవి లేకుండానే ఈ చిన్న సముద్రాన్ని తక్కువ ఖర్చుతో ఎలా నిలుపుకున్నామో పాఠకులతో పంచుకోవాలన్నదే మా ఉద్దేశం. ఇలాంటి కోరిక ఉన్న పిల్లలు మరిన్ని ఇళ్లలో ఉంటారు. మేము చేసిన తప్పు వారు చేయకుండా ఉంటే అదే చాలు.

ఒక పదం పుట్టించిన ప్రశ్న

మా అబ్బాయి అర్రహ్మాన్ సూరా కంఠస్థం చేస్తున్న రోజులవి. అందులో ముత్యంతో పాటు 'మర్జాన్' అనే పదం వస్తుంది. మర్జాన్ అంటే పగడమని చెప్పాము. "పగడం రాయా, చెట్టా, జంతువా?" అని అడిగాడు. మాలో ఎవరికీ సరైన జవాబు తెలియలేదు. ఎలమంచిలిలో మాకు సముద్రపు గాలి తగులుతుందే గాని సముద్రం కనిపించదు. అందుకే ఒక సెలవు రోజున వాణ్ణి రైలులో విశాఖపట్నం తీసుకువెళ్లి, రామకృష్ణా బీచ్ దగ్గరి మత్స్యదర్శిని చూపించాము. తిరుగు ప్రయాణంలో వాడు కిటికీ దగ్గర కూర్చుని ఒకటే మాట పట్టుకున్నాడు: మన ఇంట్లో కూడా సముద్రం పెడదాం.

మేము తొందరపడ్డాము. అది అక్టోబరు నెల. ఒక గాజు తొట్టి కొన్నాము. బంధువుల ఆటోలో తీరానికి వెళ్లి, నది సముద్రంలో కలిసే చోటుకు దగ్గరగా నాలుగు క్యాన్ల నీళ్లు నింపుకొచ్చాము. అదే వారం నగరంలోని ఒక దుకాణం నుంచి రెండు చిన్న నీలిరంగు చేపలు తెచ్చాము. "నీళ్లు సముద్రానివే కదా, ఏమీ కాదు" అన్నాడు అమ్మిన మనిషి. మూడో రోజు ఉదయం ఫజ్ర్ నమాజుకు లేచి చూసేసరికి రెండూ నీటిపైన తేలుతున్నాయి.

అబ్బాయి ఆ రోజు అన్నం ముట్టలేదు. వాడి దాదీ తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, "బేటా, రెండు ప్రాణాలు పోయాయి. మళ్లీ తేవాలని ఉంటే ముందు నేర్చుకో, తర్వాత తెచ్చుకో. నేర్చుకోకుండా తెస్తే మాత్రం నేను ఊరుకోను" అంది. ఆ మాట వాడికంటే మాకే ఎక్కువ తగిలింది. డబ్బిచ్చినది మేము, తొందరపడినది మేము. పిల్లిని కట్టివేసి, తిండి పెట్టక, తన తిండి తాను వెతుక్కోనివ్వక చంపిన స్త్రీ గురించిన హదీసు మనమందరం విన్నదే. గాజు గోడల మధ్య పెట్టిన చేప కూడా తన తిండి తాను వెతుక్కోలేదు, తన నీటిని తాను మార్చుకోలేదు.

మాస్టారు చెప్పిన సంగతులు

మా వీధిలో జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన ఉన్నారు. వీధిలో పిల్లలందరికీ ఆయన మాస్టారే. అబ్బాయిని వెంటబెట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాము. చేపలు ఎందుకు చనిపోయాయో ఆయన రెండు కారణాలు చెప్పారు.

మొదటిది ఉప్పు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. వర్షాకాలంలోనూ, ఆ తరువాతి నెలల్లోనూ నదుల మంచినీరు బంగాళాఖాతంలోకి పెద్దయెత్తున చేరి, మన తీరం వెంబడి పైపొరలోని ఉప్పదనాన్ని బాగా తగ్గిస్తుంది. నదీముఖం దగ్గరైతే చెప్పనక్కరలేదు. మేము తెచ్చినది పేరుకే సముద్రపు నీరు.

రెండవది కంటికి కనిపించని విషం. చేప వదిలే వ్యర్థాల నుంచి అమ్మోనియా పుడుతుంది. కడలిలో అది కలిసిపోతుంది, తొట్టిలో పేరుకుంటుంది. దానిని నైట్రైటుగా, ఆపైన అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు రాళ్లమీద, ఫిల్టరులో స్థిరపడాలి. అందుకు సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మేము నాలుగు రోజులైనా ఆగలేదు.

అప్పుడు అబ్బాయి పగడాల మాట ఎత్తాడు. చేపలు కొన్న దుకాణంలో పగడపు ముక్కలు కూడా చూశామనీ, తరువాత అవి కొనాలనుకుంటున్నామనీ చెప్పాడు. మాస్టారు తల అడ్డంగా ఊపారు.

"పగడం రాయి కాదు బాబూ, జంతువు. వేలాది చిన్న జీవులు కలిసి సున్నపు గూడు కట్టుకుంటాయి. వాటి ఒంట్లో కాపురముండే సూక్ష్మ శైవలాలు సూర్యకాంతితో ఆహారం తయారుచేసి వాటికి పెడతాయి. గుండ్రని పగడపు దిమ్మ ఒకటి ఏడాదికి పెరిగేది సెంటీమీటరుకు అటూ ఇటూ. నీ అరచేయంత ముక్క నీకంటే వయసులో పెద్దది కావచ్చు."

చట్టం సంగతి కూడా ఆయనే వివరించారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని ఒకటవ షెడ్యూలులో 2001 జూలై నుంచి రాతి పగడాలు, నల్ల పగడాలు, అగ్ని పగడాలు, సముద్రపు విసనకర్రలు ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. వాటిని సేకరించినా, అమ్మినా, కొన్నా, అనుమతి లేకుండా ఇంట్లో ఉంచుకున్నా నేరమే. శిక్ష మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు. 2022 సవరణ తరువాత కనీస జరిమానా 25,000 రూపాయలు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముక్కేనని ఏరుకొచ్చి అలమరలో పెట్టుకోవడం కూడా క్షేమం కాదు. దుకాణంలో బహిరంగంగా అమ్ముతున్నారు గదా అన్న వాదన మనలను కాపాడదు.

చట్టం వెనుక కారణమూ ఉంది. మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలు మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవులలో మాత్రమే ఉన్నాయి. మన్నార్ సింధుశాఖలో సున్నం కోసం, కట్టడాల కోసం ఏళ్ల తరబడి పగడాన్ని తవ్వి తీశారు. అలలను అడ్డుకునే గోడ తరిగిపోగా అక్కడి దీవులలో రెండు నీట మునిగిపోయాయి. మన తీరంలో అంతటి దిబ్బలు లేవు. అయితే మాకు దగ్గరలోనే ఉన్న పూడిమడక ఎదుటి సముద్రంలో, నీటి అడుగున రాళ్లమీద పగడాలు ఉన్నట్లు పరిశోధకులు, డైవర్లు గుర్తించారు. ఈ మాట విన్నప్పుడు అబ్బాయి ముఖంలో వెలుగు వచ్చింది. "అయితే అవి అక్కడే ఉండనీ" అన్నాడు. పగడం లేని తొట్టి అన్న నిర్ణయం ఆ క్షణాన వాడే తీసుకున్నాడు.

ఆ నిర్ణయం మా ఖర్చును కూడా సగానికి పైగా తగ్గించింది. పగడానికి ఖరీదైన బలమైన దీపాలు కావాలి, కాల్షియం కొలిచి పోస్తూ ఉండాలి, నీటి వేడిమి మామూలుకంటే ఒకటి రెండు డిగ్రీలు పెరిగి కొన్ని వారాలు నిలిస్తే అది తెల్లబడిపోతుంది. చేపలు, నత్తలు మాత్రమే ఉన్న తొట్టికి మామూలు ఎల్‌ఈడీ దీపం చాలు.

తొట్టి, స్టాండు

కొత్తవారు చాలా చిన్న తొట్టి చవక అనుకుంటారు. అది పొరపాటు. నీరు తక్కువైన కొద్దీ ఉప్పు, వేడిమి, మలినం త్వరగా మారతాయి. 24 అంగుళాల పొడవు, 16 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు గల తొట్టి సుమారు 100 లీటర్లు పడుతుంది. రాళ్లు, పైన విడిచిన ఖాళీ పోగా 80 లీటర్ల నీరు నిలుస్తుంది. రాయి, గాజు కలిపితే బరువు వంద కిలోలు దాటుతుంది. కాబట్టి పాత బల్ల మీద పెట్టరాదు. ఊళ్లోని వెల్డింగు దుకాణంలో ఇనుప స్టాండు చేయించాము. గాజు కింద థర్మోకోల్ పలక వేశాము. ఎండ నేరుగా పడే చోట నాచు ముంచెత్తుతుంది. అందుకని కిటికీకి దూరంగా, నమాజు చేసేటప్పుడు కళ్లెదుట పడకుండా ఉత్తరపు గోడను ఎంచుకున్నాము.

నీరు, ఉప్పు

వంటింటి ఉప్పు ఇందుకు పనికిరాదు. ఉప్పుమళ్లలో గడ్డకట్టేది ముఖ్యంగా సోడియం క్లోరైడు. సముద్రపు నీటిలోని మెగ్నీషియం, పొటాషియం వంటివి చాలావరకు మిగిలిన చేదునీటిలో ఉండిపోతాయి. అక్వేరియం కోసమే తయారుచేసిన సముద్రపు ఉప్పు కొనవలసిందే. ఇక్కడ పొదుపు చేయరాదు. ఆర్వో యంత్రపు నీటిలో లీటరుకు 36 గ్రాముల చొప్పున, 80 లీటర్లకు సుమారు మూడు కిలోల ఉప్పు కలిపాము. ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో చిన్న మోటారుతో ఒక రాత్రంతా తిప్పి, మరునాడు కొలిచాము. ఆర్వో యంత్రం విడిచిపెట్టే నీటిని వృథా చేయకుండా గచ్చు కడగటానికి వాడాము.

కొలవటానికి రిఫ్రాక్టోమీటరు అనే చిన్న దుర్భిణి వంటి సాధనం ఉంటుంది. సాంద్రత 1.025 దగ్గర ఉంటే సరి. కోస్తా పాఠకులకు ఒక సౌలభ్యం ఉంది. రొయ్యల చెరువుల వారికి సరుకులు అమ్మే దుకాణాల్లో ఇది, అమ్మోనియా పరీక్ష కిట్లు కూడా దొరుకుతాయి. రంగు చేపల దుకాణంతో ధర పోల్చి చూసుకోవచ్చు.

సిమెంటుతో చేసిన రాయి

దుకాణాల్లో 'లైవ్ రాక్' పేరుతో అమ్మే రాయి చాలావరకు పగడపు అస్థిపంజరమే. దాని జోలికి పోలేదు. మాస్టారి సలహాతో రాళ్లు మేమే పోశాము. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు గుల్లల నలుసు, రెండు పాళ్లు రాళ్ల ఉప్పు. గుల్లల నలుసు కోళ్ల దాణా దుకాణంలో దొరికింది. ఉప్పు తరువాత కరిగిపోయి రాయిలో రంధ్రాలు మిగులుతాయి. సూక్ష్మజీవులు కాపురముండేది ఆ రంధ్రాల్లోనే. తడి ఇసుకలో గుంటలు చేసి, ముద్దను పోసి ఆరబెట్టాము.

కొత్త సిమెంటు నీటిని విపరీతంగా క్షారమయం చేస్తుంది. కనుక రాళ్లను తొట్టెలో నానబెట్టి రెండు మూడు రోజులకొకసారి నీరు మార్చుతూ పోయాము. ఏడు వారాలు గడిచాక, కొత్త నీటిలో మూడు రోజులు ఉంచినా పీహెచ్ 8.3 దాటలేదు. అప్పుడే తొట్టిలో పెట్టాము. ఒకదానిపై ఒకటి కదలకుండా, గాజుకు ఆనకుండా, చేపలు దూరి పడుకోవటానికి రెండు గుహలుండేలా పేర్చాము. రాతిని నేరుగా తొట్టి అడుగుమీద నిలిపి, చుట్టూ మిగిలిన గుల్లల నలుసును కడిగి పలుచగా పరిచాము.

ఖాళీ తొట్టి ముందు నెలన్నర

ఇది పిల్లల ఓర్పుకు పరీక్ష. ఫిల్టరు, నీటిని కదిలించే మోటారు నడుస్తుంటాయి. తొట్టిలో మాత్రం ఒక్క ప్రాణీ కనిపించదు. సూక్ష్మజీవులకు ఆహారంగా ఒక పచ్చి రొయ్య ముక్కను పలుచని గుడ్డలో కట్టి నీటిలో వేశాము. అది కుళ్లి అమ్మోనియా పుట్టింది. అబ్బాయి మూడు రోజులకొకసారి పరీక్షించి గోడ క్యాలెండరు మీద అంకెలు రాశాడు. అమ్మోనియా పెరిగింది, తగ్గింది. నైట్రైటు పెరిగింది, తగ్గింది. ముప్పై తొమ్మిదవ రోజున రెండూ సున్నా చూపించాయి. రొయ్య ముక్క తీసివేసి, కొంత నీరు మార్చి, మరో వారం చూశాము. "ఇప్పుడు తేవచ్చా?" అని వాడు అడిగినది మమ్మల్ని కాదు, దాదీని. ఆమె క్యాలెండరు మీది అంకెలన్నీ చదివించుకుని ఒప్పుకుంది.

చేపలను ఎంచుకోవడం

పిల్లలు 'నీమో' అని పిలిచే క్లౌన్ చేపలనే ఎంచుకున్నాము. కారణం అందం కాదు. సముద్రంలో పట్టనవసరం లేకుండా వీటిని హేచరీలలో పెంచవచ్చు. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఈ చేపల సంతానోత్పత్తి పద్ధతిని ఎప్పుడో రూపొందించింది. ఆ సంస్థకు విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. కొనేటప్పుడు 'హేచరీ పిల్లలేనా?' అని తప్పక అడగాలి. మన ఎదుట మేత తింటున్న చేపనే తీసుకోవాలి. క్లౌన్ చేపకు సీ అనిమోన్ తప్పనిసరి అన్నది అపోహ. అది లేకుండానే ఇవి హాయిగా బ్రతుకుతాయి. అనిమోన్‌ను పెంచడం కొత్తవారి పని కాదు.

వీటిలో మరో వింత ఉంది. పుట్టినప్పుడు ఏదీ ఆడది కాదు. గుంపులో పెద్దదైన చేప ఆడదిగా మారుతుంది, దాని తరువాతది మగ జోడు అవుతుంది. అందుకే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తీసుకున్నాము. చేపల సంచిని అరగంట తొట్టిలో తేలనిచ్చి, తరువాత తొట్టి నీటిని సన్నని గొట్టంతో చుక్కచుక్కగా మరో గంట కలిపి, అప్పుడు చేపలను మాత్రమే వలతో తీసి వదిలాము. నెల తరువాత నాచు తినే నత్తలు మూడు, శంఖుల్లో తలదాచుకునే చిన్న పీతలు రెండు వచ్చాయి. అంతే. ఈ తొట్టికి ఇంకొక చేప కూడా బరువే.

ఖర్చు లెక్క

మాకు అయిన ఖర్చు ఇది. ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారవచ్చు. తొట్టి, మూత 2,800 రూపాయలు, స్టాండు 1,700, ఫిల్టరు, మోటారు 1,900, దీపం 600, చిన్న ఫ్యాను 450, థర్మామీటరు 150, రిఫ్రాక్టోమీటరు 1,400, పరీక్ష కిట్లు 1,800, ఏడు కిలోల ఉప్పు 2,100, రాళ్ల సామగ్రి 300, బ్యాటరీ ఎయిర్ పంపు 400, చేపలు 1,000, నత్తలు, పీతలు 400. మొత్తం 15,000. ఒకేసారి కాక ఐదు నెలల్లో పెట్టాము. అందులో అబ్బాయి రెండు పండుగల ఈదీ కూడా ఉంది. ఇప్పుడు నెలకు ఉప్పుకు నాలుగు వందల లోపు, కరెంటు ఇరవై యూనిట్ల లోపు అవుతున్నాయి.

నిత్యం చేసే పని ఎక్కువ కాదు. ఫజ్ర్ తరువాత ఒకసారి, అస్ర్ తరువాత ఒకసారి, రెండు నిమిషాల్లో తినగలిగినంతే మేత. ఆవిరైన నీటికి బదులు ఉప్పు లేని ఆర్వో నీరే పోయాలి. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది. వారానికొకసారి ఎనిమిది లీటర్లు తీసి, ముందురోజు కలిపిన కొత్త ఉప్పునీరు పోస్తాము. తీసిన నీరు మొక్కలకు పోయరాదు.

మే నెల రాత్రి

ఈ తొట్టికి వేడిమి 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. మన ఎండాకాలంలో అసలు కష్టం ఇదే. నీటిపై ఫ్యాను గాలి తగిలితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కాని కోస్తాలో గాలి చెమ్మగా ఉన్న రోజుల్లో ఆవిరి తక్కువ, చల్లదనమూ తక్కువే. గట్టిగా మూత బిగించిన సీసాలో నీటిని గడ్డకట్టించి తొట్టిలో తేలనివ్వడం అప్పుడు ఆదుకుంటుంది.

మే నెలలో ఒక సాయంత్రం గాలివానకు వీధి స్తంభం ఒరిగింది. కరెంటు పోయింది. తొట్టిలో నీటి కదలిక ఆగితే ప్రాణవాయువు తగ్గిపోతుంది. బ్యాటరీ పంపు తీసి చూస్తే అది పనిచేయలేదు. బ్యాటరీలు ఎప్పుడో పాడైపోయాయి. చూసుకోకపోవటం మా తప్పే. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. అబ్బాయి గాజు గ్లాసు తీసుకుని తొట్టి నీటినే ముంచి, జానెడు ఎత్తునుంచి మళ్లీ తొట్టిలోకి పోయటం మొదలుపెట్టాడు. పడిన నీరు గాలిని వెంట తీసుకుపోతుంది. ఐదు నిమిషాలకొకసారి ఇరవై గ్లాసులు. పదకొండింటికి వాడి చేతులు లాగాయి. వాళ్ల అక్క అందుకుంది. తరువాత మేము. రాత్రి రెండు గంటలకు తహజ్జుద్‌కు లేచిన దాదీ, నమాజు ముగించుకుని వచ్చి స్టూలు మీద కూర్చుని, "నాకివ్వు, నువ్వు పడుకో" అని గ్లాసు తీసుకుంది. ప్రాణులతో ఆటలు వద్దన్న మనిషే ఫజ్ర్ అజాన్ వరకు ఆ గ్లాసు దించలేదు.

తెల్లవారాక కరెంటు వచ్చింది. రెండు చేపలూ బ్రతికే ఉన్నాయి. ఆ రోజే కొత్త బ్యాటరీలు కొన్నాము. ప్రతి నెలా మొదటి తేదీన వాటిని పరీక్షించటం ఇప్పుడు అబ్బాయి పని.

ముందుగా ఆలోచించవలసినది

క్లౌన్ చేప సరైన సంరక్షణలో పదేళ్లకు పైగా జీవిస్తుంది. ఈ రోజు అడిగిన పిల్లవాడు అప్పటికి చదువుకు మరో ఊరు వెళ్లిపోయి ఉంటాడు. అప్పుడు చూసేది ఎవరు? ఈ ప్రశ్నకు ఇంట్లో జవాబు ఉంటేనే మొదలుపెట్టాలి. విసుగు పుట్టినప్పుడు చేపను సముద్రంలో వదిలివేయడం దయ కాదు. అది ఆ చేపకూ, అక్కడి జీవులకూ హాని చేయవచ్చు. పెంచగల మరొకరికి అప్పగించాలి.

అబూ ఉమైర్ అనే బాలుడు పెంచుకున్న చిన్న పిట్ట చనిపోయినప్పుడు, దైవప్రవక్త (స) ఆ పిల్లవాణ్ణి పలకరించి దాని గురించి అడిగిన సంగతి హదీసుల్లో ఉంది. ఆ రెండు నీలి చేపలు చనిపోయిన రోజు మా ఇంట్లో అబ్బాయిని పలకరించినది వాడి దాదీ. ఆమె అడగకపోతే మేము మరో రెండు చేపలు కొనితెచ్చి ఊరుకునేవాళ్లమేమో.

మొన్న బక్రీదుకు వచ్చిన మా బావగారి పిల్లవాడు కూడా అదే ప్రశ్న అడిగాడు: "ఇందులో పగడాలేవి?" మేము జవాబు చెప్పేలోపే మా అబ్బాయి వాణ్ణి మేడమీదికి తీసుకువెళ్లి, తూర్పువైపు చెయ్యి చూపించాడు. "అక్కడ, పూడిమడక దగ్గర సముద్రంలో ఉన్నాయి. వాటి ఇల్లు అదే."